నాన్నకి చేరిక



1994 నాటి మాట. నాకు ఖమ్మంలో ఉద్యోగం. మా ఆవిడ పురిటికి తణుకులో పుట్టింటికి వెళ్లింది. ఏడో నెలలో తీసుకెళ్లారు, పాప పుట్టి ఐదో నెల వచ్చేదాకా పంపలేదు. అప్పట్లో అది ఎవరికీ వింతగా తోచేది కాదు, నాకూ తోచలేదు. రెండు వారాలకోసారి శనివారం సాయంత్రం బండెక్కేవాణ్ణి. విజయవాడలో బండి మారి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటేది. పొద్దున నేను లేచేసరికే పాపకి నలుగు, స్నానం, సాంబ్రాణి పొగ అన్నీ నడుస్తూ ఉండేవి. ఆ గది ఆడవాళ్ల రాజ్యం. నేను వసారాలో కూర్చుని, పేపరు చదువుతున్నట్టు నటిస్తూ, తలుపు వైపు చూస్తూ ఉండేవాణ్ణి. తొమ్మిదింటికి కాటుక పెట్టి, బుగ్గన దిష్టి చుక్క దిద్ది, పొత్తిగుడ్డలో చుట్టిన పిల్లని తెచ్చి నా చేతుల్లో పెట్టేవారు.

మూడో నెల దాకా పరవాలేదు. నాలుగో నెల వచ్చాక పాప నా మొహంకేసి కాసేపు అదోలా చూసేది. తర్వాత కింది పెదవి విరిచేది. ఆ పెదవి విరుపు మొదలైందంటే ఇక ఎవరూ ఆపలేరు, గుక్క పట్టి ఏడ్చేది. "ఇలా ఇవ్వండి, మీకు చేతకాదు" అని మా ఆవిడ అందుకునేది. అక్కడితో నా నాన్న ఉద్యోగం ఆ పూటకి అయిపోయేది. చిత్రమేమిటంటే, మా మామగారు ఎత్తుకుంటే ఆ ఏడుపు టక్కున ఆగేది. ఆయన అప్పుడే రిటైరై ఇంట్లో ఉంటున్నారు. పంచె చెంగుతో పిల్ల మొహం తుడిచి, భుజాన వేసుకుని, పెరట్లో జామచెట్టు చుట్టూ తిరిగేవారు. "దీనికి తాతయ్యంటేనే చేరిక" అని అందరూ మురిసేవారు. నేనూ పైకి నవ్వేవాణ్ణి.

తిరుగు బండిలో ఒక సిద్ధాంతం తయారు చేసుకున్నాను. తల్లిది పేగుబంధం, తండ్రిది ఇంటిపేరు బంధం, అంతే. పిల్ల పెద్దదై లెక్కలూ సైకిలూ నేర్చుకునే వయసుకి నా వంతు వస్తుంది, అప్పటిదాకా ఆగాలి. మరి మా మామగారికి ఏ పేగుబంధం ఉందని ఆ పిల్ల ఊరుకుంటోందన్న ప్రశ్న నాకు తట్టలేదు. అది తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇవాళ ఆ ప్రశ్న గురించే మాట్లాడుకుందాం. చంటిపిల్లలకీ తండ్రులకీ మధ్య ఏం జరుగుతుందో, శాస్త్రజ్ఞులు దాన్ని ఎలా కొలిచారో.

1971లో అమెరికాలో ఫ్రీడా రెబెల్‌స్కీ, చెరిల్ హ్యాంక్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. పది మంది పసిపిల్లల ఒంటిమీద చిన్న మైకు కట్టారు. పిల్లలు పుట్టిన రెండు వారాల నుంచి మూడు నెలలు నిండేదాకా, రెండేసి వారాలకోసారి, 24 గంటల పాటు ఇంట్లో వినపడే మాటలన్నీ రికార్డు చేశారు. తర్వాత ఆ టేపులన్నీ విని, తండ్రి బిడ్డతో మాట్లాడిన సమయాన్ని లెక్కగట్టారు. సగటున రోజుకి ఎంత వచ్చిందనుకుంటున్నారు? 37.7 సెకన్లు! రోజు మొత్తంలో, కలిపి, ముప్పై ఎనిమిది సెకన్ల లోపే. నేను ఈ ప్రసంగం మొదలుపెట్టి అంతకు ఎన్నో రెట్లయింది.

దీన్ని పట్టుకుని తండ్రుల్ని తిట్టిపోయడం తేలిక. కాస్త నిదానించాలి. పది మందే పిల్లలు, అందరూ ఒకే దేశపు మధ్యతరగతి ఇళ్లవాళ్లు. పైగా మైకుకి మాట ఒక్కటే వినపడుతుంది. బిడ్డని గుండెల మీద పడుకోబెట్టుకుని నోరు విప్పకుండా గంటసేపు కూర్చున్న తండ్రి ఆ లెక్కలో సున్నా. అయినా ఆ అంకె ఊరికే పోలేదు. తండ్రి బిడ్డతో ఎంతసేపు ఉంటున్నాడో కొలవాలన్న ఆలోచనే అప్పటిదాకా ఎవరికీ పెద్దగా రాలేదని అందరికీ తెలిసొచ్చింది.

ఎందుకు రాలేదంటే, అంతకు ఇరవై ఏళ్ల ముందు శాస్త్రమే తండ్రిని వసారాలో కూర్చోబెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇల్లూ తల్లీ లేని పిల్లల సంగతి చూడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లండన్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీని అడిగింది. 1951లో ఆయన ఇచ్చిన నివేదిక ప్రపంచమంతా చదివింది. ఆస్పత్రుల్లో పిల్లల పక్కన తల్లుల్ని ఉండనివ్వడం లాంటి మంచి మార్పులకి అది ఊపునిచ్చింది, ఆ మేలు మరవకూడదు. కానీ తండ్రి గురించి అందులో ఉన్నది చాలా తక్కువ. చంటి బిడ్డకి తండ్రి వల్ల నేరుగా ఒరిగేది పెద్దగా లేదనీ, సంపాదించి పెట్టి, తల్లికి అండగా నిలబడితే చాలనీ దాని సారాంశం. నేను తణుకు బండిలో కట్టుకున్న సిద్ధాంతం అచ్చంగా ఇదే. నేను బౌల్బీని చదవలేదు, ఆయన మా వసారా చూడలేదు.

ఆ అభిప్రాయానికి మొదటి గండి స్కాట్లండులోని గ్లాస్గోలో పడింది. రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ అనే ఇద్దరు అక్కడి కార్మిక కుటుంబాల్లో 60 మంది పసిపిల్లల్ని నెలనెలా ఇంటికి వెళ్లి చూశారు. వాళ్లు అడిగిన ప్రశ్నలు మన అమ్మమ్మలు అడిగేవే. బిడ్డని గదిలో ఒంటరిగా వదిలితే ఏడుస్తోందా? కొట్టు ముందు తోపుడు బండిలో ఉంచి లోపలికి వెళితే ఏడుస్తోందా? చంకలోంచి దించితే? ఎవరు వదిలి వెళితే ఏడుస్తోంది, ఎవరు వెళ్లినా పట్టించుకోవడం లేదు? 1964లో ఫలితాలు అచ్చయ్యాయి. ఏడాదిన్నర వయసు వచ్చేసరికి నూటికి 75 మంది పిల్లలు తండ్రికి కూడా మాలిమి అయిపోయారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. బిడ్డ ఎవరికి చేరిక అవుతుందన్నది పాలు ఎవరు పడుతున్నారన్న దానిమీద ఆధారపడలేదు. ఏడిస్తే ఎవరు పలుకుతున్నారు, ఎవరు ఆడిస్తున్నారు, ఎవరు కబుర్లు చెబుతున్నారు అన్నదే తేల్చింది.

ఇది చదివినప్పుడు నాకు మా మామగారి జామచెట్టు కళ్లకి కట్టింది.

తర్వాత కొన్నేళ్లకి హార్వర్డులో మిల్టన్ కొటెల్‌చక్ అనే విద్యార్థి ఇంకా గట్టి పరీక్ష పెట్టాడు. ఆరు నెలల నుంచి 21 నెలల దాకా వయసున్న 144 మంది పిల్లలు. ఒక ఆటగది. తల్లి, తండ్రి, కొత్త మనిషి ఒకరి తర్వాత ఒకరు లోపలికి వస్తూ బయటికి పోతూ ఉంటారు. అమ్మ బయటికి పోతే పిల్ల ఆట మానేసి తలుపు దగ్గరికి వెళుతుందని అందరికీ తెలుసు. నాన్న పోయినా అలాగే చేసింది. కొత్తమనిషి పోతే మాత్రం హాయిగా ఆటలో పడింది. తండ్రి రోజూ సాకే ఇళ్ల పిల్లలు, కొత్తవాళ్ల దగ్గర వదిలినప్పుడు తక్కువ ఏడ్చారని అదే బృందం ఇంకో పరిశోధనలో గమనించింది. ఆ కాలంలోనే, 1975లో, మైకేల్ లాంబ్ అనే యువ శాస్త్రవేత్త ఒక వ్యాసం రాస్తూ తండ్రుల్ని పిల్లల ఎదుగుదలలో మనం మరిచిపోయిన భాగస్వాములన్నాడు. ఆ మాట నిలిచిపోయింది.

అయితే అమ్మకీ నాన్నకీ ఏ తేడా లేదంటారా అని మీరడగవచ్చు. ఉంది. పుట్టగానే ఉంది. ఆంథొనీ డికాస్పర్ అనే మనస్తత్వవేత్త పుట్టి రెండు మూడు రోజులైనా కాని పిల్లల నోట్లో పాలపీక పెట్టి, దాన్ని టేపు రికార్డరుకి కలిపాడు. ఒక లయలో చప్పరిస్తే అమ్మ గొంతు, ఇంకో లయలో చప్పరిస్తే వేరే ఆవిడ గొంతు వినిపిస్తుంది. పిల్లలు చప్పరింపు మార్చుకుని మరీ అమ్మ గొంతు తెప్పించుకున్నారు. 1984లో నాన్న గొంతుతో ఇదే పరీక్ష పెట్టారు. నాన్న గొంతుకీ ఇంకో మగ గొంతుకీ తేడా పిల్లలకి తెలిసింది. కానీ నాన్న గొంతే కావాలన్న పట్టింపు కనపడలేదు. పుట్టాక ఆ నాన్నలు నాలుగు నుంచి పది గంటలు బిడ్డతో గడిపినా అంతే. అమ్మ గొంతు ఆఖరి నెలల్లో లోపలే ఉండి విన్నారు కదా మరి! అంటే నాన్న పందెంలో కొన్ని నెలలు వెనకబడి బయలుదేరుతున్నాడు. అలా వెనకబడి ఉన్నవాణ్ణి మన ఇళ్లలో పురిటి పేరుతో ఇంకో ఐదు నెలలు వెనక్కి తోస్తాం.

మన పద్ధతిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కాన్పుకి వచ్చిన ఆడపిల్లకి పుట్టింట్లో దొరికే విశ్రాంతి, అమ్మ చేతి కారప్పొడి, పగలు కునుకు తీసే స్వేచ్ఛ అత్తింట్లో దొరకవు. ఆ విశ్రాంతి కోసమే ఆ పద్ధతి పుట్టింది. దానికి చెల్లించిన మూల్యం మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు, ఎందుకంటే అది మగవాడు చెల్లించాడు, అతనికే తెలియకుండా చెల్లించాడు. పెద్దవాళ్ల ఇళ్లలో ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. తన తండ్రి ఎదుట, మేనమామల ఎదుట మగవాడు తన బిడ్డని ఎత్తుకోకూడదు. సిగ్గు తక్కువ పని అనేవారు. మా నాన్నగారు నాతో ఒకసారి అన్నారు, "మీ తాత సందెవేళ గుడికి వెళ్లేవారు. ఆ అరగంటే నువ్వు నా దగ్గర ఉండేవాడివి. ఆయన చెప్పుల చప్పుడు వినగానే నిన్ను మీ అమ్మకి ఇచ్చేసేవాణ్ణి" అని. ఎనభై ఏళ్ల వయసులో ఆయన ఆ చెప్పుల చప్పుడు గుర్తుపెట్టుకుని చెప్పారు. అదే తాతగారు నన్ను భుజాలమీద ఎక్కించుకుని ఊరంతా తిప్పేవారట. మనవణ్ణి ఎత్తుకుంటే ముద్దు, కొడుకుని ఎత్తుకుంటే సిగ్గు. ఒకరి వంతు వచ్చేసరికి ముప్పై ఏళ్లు దాటిపోతాయి.

ఇక ఆటల సంగతి. అమెరికాలో ఇళ్లకి వెళ్లి చూసిన మైకేల్ లాంబ్ ఒకటి గమనించాడు. అమ్మ బిడ్డని ఎత్తుకుంటే ఎక్కువగా పాలకో, స్నానానికో, గుడ్డ మార్చడానికో. నాన్న ఎత్తుకుంటే ఆడించడానికి. గాల్లోకి ఎగరేయడం, తలకిందులు చేయడం, గిలిగింతలు పెట్టడం. దాంతో ఒక మాట ప్రచారంలోకి వచ్చింది. మోటు ఆటలు ఆడటం తండ్రుల స్వభావమనీ, అది వాళ్ల రక్తంలోనే ఉందనీ. ఇవాళ్టికీ చాలామంది అలాగే నమ్ముతారు. జైపాల్ రూప్‌నారాయణ్ అనే పరిశోధకుడు తన బృందంతో ఢిల్లీలో ఇళ్లకి వెళ్లి చూసి, 1990లో రాసినదాని ప్రకారం ఇక్కడి నాన్నలు ఆ ఎగరేసే ఆటలు చాలా అరుదుగా ఆడుతున్నారు. తల్లులూ అంతే. రక్తంలో ఉంటే ఢిల్లీ రక్తం వేరా?

ఇంకా చిత్రమైన సమాధానం ఆఫ్రికా అడవుల్లో దొరికింది. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో ఆకా అనే అడవి జనం ఉన్నారు. వలలు కట్టి జంతువుల్ని పట్టడం వాళ్ల బతుకుతెరువు. ఆ వేటకి మగవాళ్లు ఒక్కరే పోరు. భార్యాభర్తలు ఇద్దరూ, చంకన బిడ్డతో సహా పోతారు. బ్యారీ హ్యూలెట్ అనే మానవశాస్త్రవేత్త వాళ్ల మధ్య ఉండి, ఏ బిడ్డ ఎవరి చేతుల్లో ఎంతసేపు ఉందో గడియారం చూస్తూ రాసుకున్నాడు. 1991లో పుస్తకం వేశాడు. రోజులో 47 శాతం సమయం పసిబిడ్డ తండ్రి చేతుల్లోనో, అతను చెయ్యి చాస్తే అందే దూరంలోనో ఉంది. అమ్మ వంటకి కూర్చుంటే బిడ్డ నాన్న ఒళ్లోకి వస్తుంది. రాత్రి ఏడిస్తే నాన్న పాడతాడు. అమ్మ దగ్గర్లో లేనప్పుడు, ఊరడించడానికి తండ్రి తన రొమ్మునే బిడ్డ నోటికి అందిస్తాడు. మీలో కొందరు నవ్వుతున్నారని తెలుసు. మొదటిసారి చదివినప్పుడు నేనూ నవ్వాను. పాలపీకని కొట్లో కొని తెచ్చి పెట్టే మనం నవ్వడానికి కారణం నిజానికి ఏమీ లేదు.

ఆ ఆకా తండ్రులు బిడ్డల్ని గాల్లోకి ఎగరేయరు. హ్యూలెట్ చెప్పిన కారణం నాకు చాలా నచ్చింది. రోజంతా బిడ్డని మోసే మనిషికి దాని ఒళ్లు తెలుసు. ఏ మూలుగు ఆకలిదో, ఏది నిద్రదో, ఏది కడుపునొప్పిదో తెలుసు. ఊరికే పక్కన కూర్చున్నా వాళ్ల మధ్య ఏదో నడుస్తూనే ఉంటుంది. సాయంత్రం ఆరింటికి ఆఫీసు నుంచి వచ్చే మనిషికి ఆ భాష రాదు. ఉన్న గంటలోనే బిడ్డని నవ్వించాలి, తనవైపు తిప్పుకోవాలి. అందుకు దగ్గరి దారి పైకి ఎగరేయడం. నేను తణుకులో చేసింది అదే. రెండు వారాల బాకీ రెండు నిమిషాల్లో తీర్చాలనుకున్నాను. పాలు తాగిన కడుపుతో ఉన్న పిల్లని ఎగరేస్తే ఏమవుతుందో, నా తెల్లచొక్కా చాలాసార్లు చెప్పింది.

ఒంట్లో ఏం జరుగుతుందో కూడా చూశారు. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 624 మంది యువకుల లాలాజలంలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను ఎంతుందో 2005లో ఒకసారి, నాలుగున్నరేళ్లకి మరోసారి కొలిచారు. మొదట ఒంటరిగా ఉండి, ఈ మధ్యలో జతకట్టి తండ్రులైనవాళ్లలో పొద్దుటిపూట హార్మోను 26 శాతం, సాయంత్రంపూట 34 శాతం తగ్గింది. రోజుకి మూడు గంటలు, అంతకు మించి బిడ్డ పనులు చేసేవాళ్లలో, అసలు చేయనివాళ్లలో కంటే తక్కువగా ఉంది. లీ గెట్లర్ బృందం 2011లో దీన్ని ప్రచురించింది. మీసం మెలేసే పెద్దలు కంగారు పడనక్కర్లేదు. ఇది రోగం కాదు. పిల్లల్ని సాకే పక్షుల్లోనూ, కొన్ని జంతువుల్లోనూ మగవాటికి ఇలాగే జరుగుతుంది. ఒళ్లు పని మార్చుకుంటోంది, అంతే.

ఇజ్రాయెల్‌లో రూత్ ఫెల్డ్‌మన్ బృందం మెదడు స్కానింగులు తీసింది. మొత్తం 89 మంది, అందరికీ మొదటి కాన్పే. పెంచే బాధ్యత ముఖ్యంగా తమదే అయిన తల్లులు, వాళ్లకి సాయం చేసే తండ్రులు, ఇంట్లో తల్లి అనే మనిషే లేకుండా ఇద్దరు మగవాళ్లు కలిసి బిడ్డని పెంచుకుంటున్న తండ్రులు. సొంత బిడ్డ వీడియో చూస్తుంటే, తల్లుల్లో భయం, జాగరూకత, ఆప్యాయత కలిసి పుట్టే అమిగ్డలా అనే భాగం బాగా మేలుకుంది. సాయం చేసే తండ్రుల్లో ఎదుటివాళ్ల మనసు పోల్చుకునే ఇంకో భాగం మేలుకుంది. పూర్తి బాధ్యత మోస్తున్న తండ్రుల్లో రెండూ మేలుకున్నాయి, రెండింటికీ మధ్య దారి కూడా పడింది. తండ్రులందరినీ కలిపి చూసినా, ఎవరు ఎక్కువ గంటలు బిడ్డ పని చేశారో వాళ్లలో ఆ దారి అంత గట్టిగా ఉంది. 2014లో వచ్చిన ఈ ఫలితం చదివాక నా ఇంటిపేరు సిద్ధాంతానికి నేనే నీళ్లొదిలాను. పేగు తల్లికే ఉండవచ్చు. బంధం మాత్రం బిడ్డ పని చేసినవాళ్లకి వస్తుంది. బిడ్డ రాత్రి మూడింటికి లేస్తుంది, మీ చేతిమీద పాలు కక్కుతుంది, ఎందుకో తెలియకుండా ఏడుస్తుంది. మీరు పది తప్పుడు పనులు చేసి పదకొండోది సరిగా చేస్తారు. ఆ పది తప్పులకీ చోటివ్వాలి.

ఆ చోటే ఉండదు. "ఇలా ఇవ్వండి, మీకు చేతకాదు." ఈ మాట ఎంత ప్రేమతో అన్నా, అది తలుపు గడియే. అమెరికాలో సారా షోపీ సల్లివన్ బృందం 97 జంటల్ని చూసి 2008లో రాసింది. తల్లి ప్రోత్సహించిన ఇళ్లలో తండ్రి బిడ్డ పనుల్లోకి ఎక్కువగా దిగుతున్నాడు, విమర్శించిన ఇళ్లలో వెనక్కి తగ్గుతున్నాడు. మన ఇళ్లలో అయితే గడియ దగ్గర తల్లి ఒక్కతే ఉండదు. అమ్మమ్మ, నాయనమ్మ, పెద్దత్త, పక్కింటి పిన్నిగారు కూడా ఉంటారు. నెల రోజులు ఆడవాళ్లు మాత్రమే చూసిన పని మగవాడు మొదటిసారి చేస్తే వంకరగానే ఉంటుంది. వంకరగా ఉందని లాక్కుంటే ఇక ఎప్పటికీ వంకరే. ఇందులో మగవాడి తప్పు లేదని కూడా అనను. గుడ్డ తడిసిందని తెలియగానే "ఇదిగో, పిల్ల ఏడుస్తోంది" అని అందించే హుషారు మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇంకో సంగతి తక్కువ మంది మాట్లాడతారు. బాలింతలకి దిగులు పడుతుందని ఇప్పుడిప్పుడే ఒప్పుకుంటున్నాం. నాన్నలకీ పడుతుంది. 43 అధ్యయనాల్లో 28 వేల మంది లెక్కల్ని కలిపి 2010లో చూస్తే, బిడ్డ కడుపులో ఉన్నప్పటి నుంచి ఏడాది నిండేలోపు, పదిమంది తండ్రుల్లో ఒకరికి కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. ఎక్కువగా మూడో నెలకీ ఆరో నెలకీ మధ్య. ఇంగ్లండులో బ్రిస్టల్ చుట్టుపక్కల వేల కుటుంబాల్ని చూసిన పాల్ రామ్‌చందాని బృందం 2005లో తేల్చినదాన్ని బట్టి, బిడ్డ ఎనిమిదో వారంలో తండ్రి కుంగిపోయి ఉంటే, మూడున్నరేళ్లకి ఆ పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, ప్రవర్తన చిక్కులు ఎక్కువ కనిపించాయి. తల్లి దిగులుని విడిగా లెక్క తీసేసినా ఈ తేడా మిగిలింది. ఎనిమిదో వారంలో బిడ్డకి నాన్నతో నేరుగా పనిలేదని ఇక ఎవరంటారు? చిరాకు, నిద్రలేమి, ఇంటికి ఆలస్యంగా రావడం, ఫోనులోనే తల దూర్చడం. మగవాడి దిగులు ఈ వేషాల్లో వస్తుంది. బాధ్యత లేదని తిట్టేముందు ఒకసారి అన్నం తిన్నావా అని అడిగి చూడండి.

గంటలు కావాలంటే సెలవు కావాలి. స్వీడన్ 1974లోనే తల్లికిచ్చే సెలవుని తల్లిదండ్రుల సెలవుగా మార్చింది. తండ్రులు పెద్దగా వాడుకోలేదు, చాలావరకు తల్లులకే వదిలేశారు. 1995లో ఒక నెల తండ్రి పేరున విడిగా పెట్టారు, వాడుకోకపోతే పోతుందని. అప్పుడు కదిలారు. ఇప్పుడు అది మూడు నెలలైంది. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులు. ఇద్దరు పిల్లల లోపు ఉన్నవాళ్లకే, బిడ్డ పుట్టిన ఆరు నెలల్లోపు వాడుకోవాలి, లేకపోతే మురిగిపోతుంది. ప్రైవేటు ఉద్యోగంలో తల్లికి 2017 సవరణ తర్వాత 26 వారాలు వచ్చాయి. తండ్రికి ఇవ్వాలని చెప్పే కేంద్ర చట్టమే లేదు, యాజమాన్యం దయ. ఆటో నడిపేవాడికీ, రోజుకూలికీ ఆ దయ కూడా లేదు.

జగిత్యాల, సిరిసిల్ల, కడప, కోనసీమల నుంచి గల్ఫ్‌కి వెళ్లినవాళ్ల సంగతి వేరే చెప్పాలా. బిడ్డ పుట్టాక రెండేళ్లకి సెలవు దొరుకుతుంది. ఫోనులో "నాన్న, నాన్న" అని అద్దానికి ముద్దులు పెట్టిన పిల్ల, విమానాశ్రయంలో ఆ మనిషి ఎదురుగా వచ్చేసరికి అమ్మ కొంగు వెనక దాక్కుంటుంది. ఆ నాన్న సంచిలోంచి బొమ్మ తీస్తాడు. పాపం, అతనికి ఇంకో దారి తెలియదు. మళ్లీ వెళ్లే రోజుకి చేరిక అవుతుంది.

మా ఇంటికి వస్తాను. కిందటేడాది మా అమ్మాయి, అదే తణుకులో నన్ను చూసి పెదవి విరిచిన పిల్ల, మా ఇంట్లో పురుడు పోసుకుంది. మనవడు. అల్లుడిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. 21వ రోజు బారసాల అయ్యింది. చుట్టాలందరూ వెళ్లారు, అల్లుడు వెళ్లలేదు. పదిహేను రోజులు సెలవు పెట్టానన్నాడు. "మీకేం పనండీ అక్కడ?" అని పైఅధికారి నవ్వాడట. నిజం చెప్పొద్దూ, మా ఆవిడ కూడా వంటింట్లో నాతో అదే అంది.

మూడోరోజు పొద్దున, "అత్తయ్యా, రేపు స్నానం నేను పోస్తాను" అన్నాడు. మా ఆవిడ మొహంలో రంగు మారింది. మర్నాడు బాత్రూంలో చిన్నపీట వేసుకుని, లుంగీ తొడలదాకా ఎగ్గట్టి, కాళ్లు చాపి కూర్చున్నాడు. మోకాళ్ల మధ్య సందు వదిలితే బిడ్డ జారుతుందని, రెండు కాళ్లూ దగ్గరగా పెట్టమని మా ఆవిడ మూడుసార్లు చెప్పింది. మోచెయ్యి ముంచి నీళ్ల వేడి చూసుకున్నాడు. వాణ్ణి బోర్లా పడుకోబెట్టి, ఎడమ చెయ్యి గడ్డం కింద ఆన్చి, కుడిచేత్తో చెంబు వంచాడు. ఆ చెయ్యి వణకడం తలుపు దగ్గర నిలబడ్డ నాకు కనిపించింది. నీళ్లు వీపుమీద పడగానే వాడు గుక్క పట్టాడు. మా ఆవిడ చెయ్యి ముందుకి వెళ్లింది. మా అమ్మాయి మంచంమీద నుంచే, "అమ్మా, ఉండు" అంది. అంతే అంది. స్నానానికి అరగంట పట్టింది, సగం నీళ్లు అల్లుడి మీదే పడ్డాయి. వారం తిరిగేసరికి పదినిమిషాలకి వచ్చింది.

పన్నెండో రోజు రాత్రి రెండింటికి ఏడుపు వినపడి లేచాను. మా ఆవిడ అప్పటికే లేచి హాలు గుమ్మం దాకా వెళ్లింది. చీకట్లో అల్లుడు ఆ గోడ నుంచి ఈ గోడకి తిరుగుతున్నాడు. బిడ్డ అతని ముంజేతిమీద బోర్లా పడుకుని ఉన్నాడు, చెట్టు కొమ్మమీద పిల్లిలా, కాళ్లూ చేతులూ కిందికి వేలాడేసి. అల్లుడు సన్నగా ఏదో గొణుగుతున్నాడు. ఏడుపు తగ్గి మూలుగైంది, మూలుగు కూడా ఆగింది. మా ఆవిడ గుమ్మంలో నిమిషంసేపు నిలబడింది. తర్వాత చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి పడుకుంది. నేను మంచినీళ్లకని హాల్లోకి వెళ్లాను.

"ఏం పాట పాడుతున్నారు బాబూ?" అన్నాను మెల్లగా.

"పాటలు రావు మామయ్యగారూ, ఎక్కాలు చెబుతున్నాను. పదమూడో ఎక్కంలో పడుకున్నాడు."